ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు. 2021 జూన్‌లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు చార్టర్ విమానాల కంపెనీలో కో-పైలట్‌గా చేరాను. నడిపేది కింగ్ ఎయిర్ బీ200 అనే చిన్న విమానం. చేరినప్పుడు ఆరు విమానాలు, 17 మంది పైలట్లం. లీజు కట్టలేక రెండు విమానాలు ఇచ్చేశారు, రెండు అమ్మేశారు. ఇప్పుడు మిగిలింది రెండు విమానాలు, ఏడుగురు పైలట్లు. పోయిన వారం హెచ్ఆర్ పిలిచి ఇంకో ముగ్గురిని తగ్గిస్తున్నామని, ఈ నెలాఖరులోగా నేనే రాజీనామా ఇస్తే రిలీవింగ్ లెటర్, ఎన్ఓసీ (వేరే కంపెనీలో చేరడానికి అభ్యంతరం లేదనే పత్రం) వెంటనే ఇస్తామని అన్నారు. లేకపోతే సగం జీతానికి ఉండమన్నారు. నా ఫిక్స్‌డ్ జీతం 1,60,000, అందులో బేసిక్ 80,000. రెండు నెలలుగా అదీ రాలేదు. ట్రైనింగ్‌కి 12 లక్షల బాండ్ ఉంది, ఐదేళ్లది. నా ఫ్లయింగ్ 1,340 గంటలు. మనుషులు తగ్గాక తెల్లవారుజామున 4:30కి రిపోర్ట్ చేసి రాత్రి ఇంటికి వచ్చే రోజులు ఎక్కువయ్యాయి. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. నా చదువు కోసం నాయన నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట బ్యాంకులో పెట్టాడు. కడప వాళ్లతో పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. గొడవ లేకుండా సంతకం పెట్టి బయటపడటమే మంచిదా? (పేరు వద్దన్నారు.)

జవాబు:

తమ్ముడూ, సంతకం పెట్టకు. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం గానీ నెలాఖరు దగ్గర పడింది కాబట్టి ఇది ముందు చెప్తున్నా.

నువ్వు చేరింది 2021 జూన్. నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. ఐదేళ్లు నిండటానికి ఇంకా నాలుగు నెలలు. బాండ్ తీరేదీ అప్పుడే, గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండేదీ అప్పుడే. ఈ నెలలో 'సొంత కారణాల వల్ల మానేస్తున్నాను' అని నీ చేత్తో రాసిచ్చావంటే గ్రాట్యుటీ పోయే ప్రమాదం ఉంది. బాండ్ నడుస్తుండగా నువ్వే వెళ్లిపోయినట్టూ అవుతుంది. రేపు వాళ్లకు బుద్ధి పుడితే ఆ 12 లక్షలు కట్టమని నోటీసు పంపడానికి నీ సంతకమే సాక్ష్యం. 'మేం అడగంలే' అని హెచ్ఆర్ అమ్మాయి నోటితో అంటుంది. ఆమె కూడా ఆరు నెలల తర్వాత ఆ కుర్చీలో ఉంటుందో లేదో. కాగితం మీద లేని మాటను నమ్మకు.

అదే కంపెనీయే నిన్ను తీసేస్తే లెక్క వేరు. దాన్ని చట్టంలో రిట్రెంచ్‌మెంట్ అంటారు. కారణం చూపిస్తూ నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. సర్వీసులో ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా కట్టాలి. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాది కిందే లెక్కేస్తారు కాబట్టి నీకు ఐదేళ్లు. పూర్తి జీతం మీద లెక్కేస్తే 15 రోజులకు 80,000, అలాంటివి ఐదు, నాలుగు లక్షలు. నోటీసు జీతం 1,60,000. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో తీసేసిన కార్మికుడికి రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) నుంచి ఇంకో 15 రోజుల జీతం ఇవ్వాలనీ ఉంది, అది 80,000. మొత్తం 6 లక్షల 40 వేలు. ఇప్పటికే రావాల్సిన 3,20,000 బకాయి దీనికి అదనం. జూన్ దాకా నిలబడగలిగితే బేసిక్ మీద లెక్కేసే గ్రాట్యుటీ కింద మరో 2 లక్షల 30 వేలు వస్తుంది. ఇంత డబ్బును ఒక్క సంతకంతో వదులుకోమని నిన్ను అడుగుతున్నారు. అందుకే అంత మర్యాదగా అడిగారు.

ఈ లెక్క దగ్గర నేనింత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. మా చిన్నాన్న గుంతకల్లు వైపు ఒక మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూసేసే ముందు అందరినీ వరసగా పిలిచి ఇంగ్లీషులో టైప్ చేసిన కాగితాలిచ్చారు. బాకీ జీతం ఇస్తున్నట్టు రసీదు అనుకుని సంతకం పెట్టాడు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో ఆ కాగితం నకలు నాకే దొరికింది. 'స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను' అని ఉంది. 19 ఏళ్ల సర్వీసుకు ఆయనకు వచ్చింది రెండు నెలల జీతం. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. అనంతపురం లేబర్ కోర్టులో నా దగ్గరికి ఎవరొచ్చినా మొదట అడిగేది 'ఏమైనా రాసిచ్చావా నాయనా' అనే.

'పైలట్లు ఆఫీసర్లు, కార్మిక చట్టం మీకు వర్తించదు' అని కంపెనీ అంటుంది. అనకుండా ఉండదు. కానీ మేనేజర్ పనీ సూపర్‌వైజర్ పనీ చేయని పైలట్ 'వర్క్‌మన్' (కార్మికుడు) కిందికే వస్తాడని 2025 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. పాత చట్టం మీద వచ్చిన తీర్పే అయినా కొత్త కోడ్ కింద కూడా అదే వాదన నిలబడుతుందని నా నమ్మకం. నువ్వు కో-పైలట్‌వి. నీ కింద పనిచేసేవాళ్లు లేరు, నీ మాట మీద ఎవరి జీతమూ పెరగదు, తగ్గదు. నీ కేసు ఇంకా గట్టిది. ఒకటి గుర్తుపెట్టుకో. విమాన రవాణా కేంద్ర ప్రభుత్వ పరిధిలోది. ఫిర్యాదు చేయాల్సి వస్తే మన జిల్లా లేబర్ ఆఫీసుకు తిరిగితే లాభం లేదు, హైదరాబాద్‌లో కేంద్ర కార్మిక శాఖ ప్రాంతీయ కమిషనర్ ఆఫీసుకు వెళ్లాలి.

సగం జీతం సంగతి. జీతం తగ్గించాలంటే 21 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలని చట్టంలో ఉంది. నోటితో చెప్పి పై నెల నుంచి కోసేయడానికి లేదు. అయితే దీన్ని నువ్వు పూర్తిగా కొట్టిపారేయకు. నీకు నాకంటే బాగా తెలుసు, పైలట్ లైసెన్సుల్లో పై మెట్టైన ఏటీపీఎల్ కావాలంటే 1,500 గంటల ఫ్లయింగ్ ఉండాలి. నీకింకా 160 తక్కువ. కంపెనీ నిజంగా కష్టంలో ఉంటే, నాలుగు నెలల పాటు కొంత తగ్గించుకుంటానని, దానికి బదులుగా నెలకు ఇన్ని గంటల ఫ్లయింగ్ ఇవ్వమని, బకాయికి తేదీలు రాసివ్వమని అడుగు. ఇప్పుడు నీకు జీతం ఎంత ముఖ్యమో గంటలూ అంతే ముఖ్యం. రోజూ ఆఫీసులో కూర్చోబెట్టి సగం జీతం ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకు.

బకాయి విషయంలో 'పరిస్థితి బాగుపడ్డాక ఇస్తాం' అంటే నమ్మి ఊరుకోవద్దు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. దాన్ని లిక్విడేట్ చేయమని (ఆస్తులమ్మి మూసేయమని) సుప్రీంకోర్టు చెప్పింది 2024 నవంబర్‌లో. మధ్యలో ఐదున్నరేళ్లు వేలమంది ఎదురుచూశారు. మన కడప నుంచి తిరిగిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగింది. గో ఫస్ట్ 2023 మే 3న. కంపెనీ దివాలా తీస్తే కార్మికుల 24 నెలల బకాయిలకు బ్యాంకులతో సమానంగా వరస ఉంటుంది, నిజమే. కానీ ముందు వరసలో ఉన్నా పంచడానికి ఏదైనా మిగలాలి కదా. అద్దె విమానాలు వెనక్కి వెళ్లాక ఆఫీసు కుర్చీలే మిగులుతాయి. అందుకే కంపెనీ నడుస్తుండగానే అడగాలి, ప్రతి నెలా మెయిల్‌లో అడగాలి.

ఎన్ఓసీ ఆపుతామన్న బెదిరింపు ఉంది చూడు, అది మీ రంగంలో పాత ఆయుధం. పాత కంపెనీ ఎన్ఓసీ లేకుండా కొత్తవాళ్లు తీసుకోరన్న భయం. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కో-పైలట్లకు ఆరు నెలలు, కెప్టెన్లకు ఏడాది నోటీసు పెట్టాక ఆ భయం ఇంకా పెరిగింది. కానీ ఆ నోటీసు నిబంధన నువ్వు మానేస్తే వర్తించేది. వాళ్లు తీసేసి మళ్లీ ఎన్ఓసీ ఇవ్వకపోవడం ఎక్కడి న్యాయం? తీసేసిన లెటర్ చేతిలో ఉంటే డీజీసీఏకి రాయడానికి నీకు ఆధారం ఉంటుంది. రాజీనామా ఇచ్చాక ఆ ఆధారం పోతుంది. ఎయిర్ ఇండియాలో రాజీనామా ఇచ్చి నోటీసు కాలంలోనే వెనక్కి తీసుకున్న 40 మందికి పైగా పైలట్లను 2020 ఆగస్టులో ఇంటికి పంపారు. 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు వాళ్లను మళ్లీ తీసుకోమంది. గెలిచారు, కానీ ఆ పది నెలలూ వాళ్ల ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహించు.

ఇక లాగ్‌బుక్, అంటే నీ ఫ్లయింగ్ గంటల పుస్తకం. ఇది ఈ వారమే చెయ్యాలి. కంపెనీ ఉన్నంతవరకు మీ చీఫ్ పైలట్ ఒక్క సంతకంతో నీ గంటలు ధ్రువీకరిస్తాడు. ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయాక, ఆఫీసుకు తాళం పడ్డాక, ఆ సంతకం కోసం ఎవరి వెంట తిరుగుతావు? నీ పుస్తకంలో ఉన్న గంటలు, డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ఎక్కిన గంటలు, కంపెనీ ఫ్లైట్ రికార్డు, మూడూ ఒక రాత్రి కూర్చుని పోల్చుకో. ఎక్కడైనా తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు. ట్రైనింగ్ రికార్డులు, ఆరు నెలలకోసారి జరిగే చెక్ (ఫ్లయింగ్ పరీక్ష) రిపోర్టులు, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అనుమతి) కాగితాలు అన్నిటికీ సంతకం చేసిన నకళ్లు తీసుకో. పే స్లిప్పులు, రోస్టర్లు, బాండ్ కాపీ నీ సొంత మెయిల్‌లో పెట్టుకో, కంపెనీ మెయిల్ ఏ రోజు మూసేస్తారో చెప్పలేం. తర్వాతి చెక్ ఎప్పుడుందో చూసుకో. అది కంపెనీ ఖర్చుతో పూర్తయ్యాక బయటికి రావడం వేరు, గడువు తీరిన చెక్‌తో కొత్త ఉద్యోగం వెతకడం వేరు. మెడికల్ కూడా అంతే, ఉద్యోగం ఉన్నా లేకున్నా గడువు దాటనివ్వకు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన మాటకు వస్తాను. 4:30 రిపోర్టింగ్, నిద్ర పట్టకపోవడం.

చార్టర్ పని ఎలా ఉంటుందో నా దగ్గరికి వచ్చిన ఒక పాత కెప్టెన్ చెప్పగా విన్నాను. బేగంపేటలో తెల్లారకముందే ఎక్కించుకుని గంటలో రేణిగుంటలో దింపుతారు. విమానం అద్దెకు తీసుకున్న పార్టీ దర్శనానికి కొండెక్కుతుంది. పదకొండుకు వస్తామన్నవాళ్లు ఆరైనా రారు. పైలట్లు ఇద్దరూ ఆ లాంజ్‌లో ప్లాస్టిక్ కుర్చీల్లో, షూ కూడా విప్పకుండా, ఫోన్ చూస్తూ కూర్చుంటారు. రాత్రి తొమ్మిదికి తిరుగు ప్రయాణం. ఎగిరింది రెండే గంటలు కదా అని యజమాని లెక్క. నిబంధనల్లో గాల్లో ఉన్న గంటలకే కాక డ్యూటీ గంటలకూ పరిమితి ఉన్నది ఇందుకే. రిపోర్ట్ చేసిన నిమిషం నుంచి లెక్క మొదలవుతుంది. పదిహేడు మంది ఉన్నప్పుడు ఒకరు అలిసిపోతే ఇంకొకరు వచ్చేవారు. ఏడుగురు నలుగురైతే ఎవరొస్తారు?

మంగళూరు ప్రమాదం నీకు తెలిసే ఉంటుంది, మీ క్లాసుల్లో చెప్పే ఉంటారు. 2010 మే 22. 158 మంది పోయారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని, దిగే ముందే లేచాడని విచారణ నివేదికలో ఉంది. అదే నివేదికలో ఇంకో మాట ఉంది. దిగొద్దు, మళ్లీ పైకి వెళ్దామని కో-పైలట్ మూడుసార్లు అన్నాడు. మూడుసార్లు. నేను విమానం నడిపేదాన్ని కాదు, అయినా ఆ మాట చదివిన రోజు నుంచి మర్చిపోలేకపోతున్నా.

నువ్వు కూర్చునేది ఆ సీట్లోనే. ఎవరిని తీసేస్తారో తెలియని కంపెనీలో, 'ఈయనకు కోపం వస్తే నా పేరు లిస్టులోకి ఎక్కుతుందేమో' అన్న భయంతో కూర్చున్న కో-పైలట్ గొంతు లేస్తుందా? నీ గొంతు తగ్గిందా తమ్ముడూ? నిజం చెప్పుకో, నాకు చెప్పక్కర్లేదు. తగ్గిందనిపిస్తే ఆ రోజు విమానం ఎక్కకు. 'నిన్న డ్యూటీ ఇన్ని గంటలు, నిద్ర ఇంత, ఈరోజు ఫిట్‌గా లేను' అని మెసేజ్ పెట్టు. ఒక రోజు అలవెన్స్ పోతుంది, పోనీ. ఇలా రాసినందుకు తీసేస్తే అది వాళ్ల మెడకే చుట్టుకుంటుంది, ఆ మెసేజ్ నేను కోర్టులో చూపిస్తా. నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి మాత్రలు మాత్రం వేసుకోవద్దు. ఏవియేషన్ మెడికల్ తెలిసిన డాక్టర్ దగ్గరికే వెళ్లు. టెన్షన్ వల్ల నిద్ర రావడం లేదని చెప్పుకోవడంలో తప్పు లేదు. దాచి మందు వేసుకుంటేనే లైసెన్సుకు ముప్పు.

బయట పని దొరుకుతుందా అంటే, దొరుకుతుంది, కానీ ఫోన్ చేయగానే కాదు. 2025 డిసెంబర్‌లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసుకోవాల్సి వచ్చింది చూశావు కదా. వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 అయింది, రాత్రి ల్యాండింగ్‌లు తగ్గించారు, దానికి తగ్గట్టు పైలట్లు లేరు. అంటే పైలట్లు కావాలి. అయితే ముందు అడిగేది ఆ విమానం టైప్ రేటింగ్ ఉన్నవాళ్లను, కెప్టెన్లను. ఇంకో టైప్ రేటింగ్‌కి మళ్లీ లక్షలు అప్పు చేసే ఆలోచన ఉంటే, ఉద్యోగం రాతపూర్వకంగా చేతికి రాకుండా చేయవద్దు. బీ200 అనుభవానికి గిరాకీ ఉన్న చోట్లు వేరే ఉన్నాయి. ఎయిర్ అంబులెన్స్ వాళ్లు ఆ విమానాలే ఎక్కువ వాడతారు, కొన్ని రాష్ట్ర ప్రభుత్వాల దగ్గరా అవే ఉన్నాయి. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కూడా ఆలోచించు. ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో ఎంచుకున్న విమానాశ్రయాల్లో మన కడప కూడా ఉంది. ఇంటికి దగ్గర్లో పిల్లలకు నేర్పుతూ గంటలు పోగేసుకోవడం చిన్నతనం ఏమీ కాదు.

బ్యాంకు విషయం చిన్నదే, కానీ ఆలస్యం చేయకు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత తోట మీదికి నోటీసులు మొదలవుతాయి. రెండు నెలల జీతం రాలేదని చెప్తున్నావు. ఒక్క వాయిదా కూడా తప్పకముందే మేనేజర్‌ను కలిసి పే స్లిప్పులు చూపించి గడువు పెంచమని అడుగు.

హెచ్ఆర్‌కు ఏం రాయాలంటావా, నాలుగు లైన్లు చాలు. 'పోయిన వారం మీరు పిలిచి రాజీనామా ఇవ్వమన్నారు. నాకు ఉద్యోగం మానేసే ఉద్దేశం లేదు, డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను. కంపెనీ పైలట్లను తగ్గించదలిస్తే చట్ట ప్రకారం కారణంతో నోటీసు, పరిహారం, సీనియారిటీ లిస్టు ఇవ్వగలరు. నా రెండు నెలల జీతం 3,20,000 ఎప్పుడు ఇస్తారో తేదీ తెలపండి.' కోపం మాట ఒక్కటీ వద్దు. సీనియారిటీ లిస్టు ఎందుకంటే, తీసేసేటప్పుడు మామూలుగా చివర చేరినవాళ్లను ముందు తీయాలి. నీ తర్వాత చేరినవాళ్లు ఉండగా నిన్ను పిలిస్తే కారణం వాళ్లు రాసి చూపించాలి. ఆ ముగ్గురిలో మిగతా ఇద్దరెవరో తెలిస్తే వాళ్లతో మాట్లాడు. ముగ్గురూ ఒకే రోజు ఇదే మెయిల్ పంపితే దాని బరువే వేరు.

నాయన సంగతి. నవంబర్‌లో పుట్టపర్తికి ఒక పార్టీని తీసుకొచ్చినప్పుడు నాయన వచ్చి ఎయిర్‌పోర్టు కంచె బయట నిలబడ్డాడని, నీ యూనిఫాం చూసి భుజం మీది టవల్‌తో కళ్లు ఒత్తుకున్నాడని ఉత్తరం చివర రాశావు. పేజీ చాలక పైన అచ్చు వేయలేదు గానీ నేను రెండుసార్లు చదివాను. ఆ మనిషికి ఇదెలా చెప్పేదని నీ బాధ. బోరు ఎండిన ఏడు మన దగ్గర చీనీ రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్నారు. నీళ్లు చాలనప్పుడు ఏ వరస కాపాడుకోవాలో, ఏది వదిలేయాలో తోటలో నిలబడి తేల్చుకున్నవాళ్లు. ఆయన కూడా ఆ ఏళ్లు చూసే ఉంటాడు. కంపెనీకి ఆరు విమానాలు రెండు అయ్యాయంటే, మీ నాయనకు నువ్వు వివరించాల్సింది పెద్దగా ఉండదు. బ్యాంకు వాళ్లో, కడప పెళ్లివాళ్లో వచ్చి చెప్పేదాకా ఉంచితే మాత్రం ఆయనకు నొప్పి ఎక్కువ, అదీ కొడుకు దాచాడన్న నొప్పి. ఈ శనివారం రాత్రి బస్సెక్కు. ఆదివారం పొద్దున తోటలో, అమ్మ లేనప్పుడు కాదు, అమ్మ కూడా ఉండగా చెప్పు. జీతం ఎంత ఆగింది, వాయిదా ఎంత, చేతిలో ఎంత ఉంది, అంకెలతో చెప్పు. పెళ్లివాళ్లకు ఎప్పుడు, ఎలా చెప్పాలో వాళ్లిద్దరికే వదిలెయ్. 'అబ్బాయికి ఉద్యోగం మారే కాలం, నాలుగు నెలలు ఆగుదాం' అనడం మన ఇళ్లలో కొత్త మాటేమీ కాదు. ఆగలేనివాళ్లైతే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది.

బస్సెక్కే ముందు శుక్రవారమే మెయిల్ పంపెయ్. హెచ్ఆర్ నుంచి ఏ జవాబు వచ్చినా, ఏ కాగితం ముందు పెట్టినా, 'చదువుకుని రేపు చెప్తా' అని ఇంటికి తెచ్చుకో. సంతకం పెట్టే ముందు నాకొకసారి చూపించు.